అనంతగిరిలో ఆఫ్ సీజను

సాఫ్టువేరు వాడి చేతిలో నాలుగు డబ్బులు చేరగానే మొదట వచ్చే ఆలోచన అపార్టుమెంటు. అది కొని ఈఎమ్ఐ కట్టడం అలవాటయ్యాక రెండో ఆలోచన వస్తుంది. ఊరికి దూరంగా ఒక చిన్న ఇల్లు, నెలకో రెండు వీకెండ్లు మనకి, మిగతా రోజులు టూరిస్టులకి అద్దెకి. హైదరాబాదు వాళ్ళయితే వికారాబాదు వైపు, వైజాగు వాళ్ళయితే భీమిలి బీచి వైపు చూస్తారు. మా టీములో లంచి టైములో ఈ చర్చ కనీసం వారానికోసారి వస్తుంది. గజం రేటు దగ్గర మొదలై, రాత్రికి ఎంత వసూలు చెయ్యొచ్చు అన్న దగ్గర ఆగుతుంది. కట్టిన ఇంటిని వానాకాలంలో ఎవరు చూస్తారు, ఎవరు తుడుస్తారు అన్నది మాత్రం ఇంతవరకూ ఒక్కడూ ఎత్తలేదు.

నేను మూడేళ్ళుగా ఎండాకాలం సెలవులు అలాంటి ఒక ఇంటి పనులు చూడ్డానికే వాడుతున్నాను. ఆ ఇల్లు నాది కాదు. నాది అయ్యే అవకాశం కూడా లేదు, ఎందుకో తర్వాత చెప్తాను. అది అనంతగిరి మండలంలో ఉంది. వికారాబాదు పక్కనున్న అనంతగిరి కాదండీ, అరకు దారిలో, ఎస్.కోట దాటి ఘాటెక్కితే వచ్చే అనంతగిరి. ఇంజినీరింగు హాస్టల్లో నాలుగేళ్ళు నా రూమ్మేటుగా ఉన్నవాడి ఇల్లు. వాడిప్పుడు వైజాగులో టెస్టింగు ఉద్యోగం చేస్తున్నాడు. ఊళ్ళో అమ్మా, నాన్నా, చెల్లెలూ ఉంటారు. వాళ్ళది కొండదొర కుటుంబం. రెండెకరాల కాఫీ తోట, కొంచెం మెట్ట, పాత పెంకుటిల్లు, దాని పక్కన స్లాబు వేసిన రెండు గదులు. ఆ రెండు గదులే హోమ్‌స్టే. బుకింగులన్నీ చెల్లెలు ఫోనులోనే చూసుకుంటుంది. ఏ మూల సిగ్నలు వస్తుందో ఆ ఇంట్లో అందరికన్నా ఆ అమ్మాయికే బాగా తెలుసు.

అక్కడి క్యాలెండరు తెలిస్తేగాని ఈ పనుల్లో ఉన్న చిక్కు అర్థం కాదు. టూరిస్టులు వచ్చేది అక్టోబరు నించి ఫిబ్రవరి దాకా. వలిసె పూలు, మంచు, క్రిస్మసు సెలవులు, సంక్రాంతి. కాఫీ పళ్ళు కోతకొచ్చేది కూడా సరిగ్గా అప్పుడే, నవంబరు నించి జనవరి. అంటే ఇంట్లో ఉన్న మూడు జతల చేతులూ ఒకేసారి రెండు పనులకి కావాలి. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షను మీద లోడు పీకులో ఉన్నప్పుడు మేకు కొట్టడానిక్కూడా వీలుండదు. మార్చి, ఏప్రిల్లో కాఫీ పూస్తుంది, కాస్త ఊపిరాడుతుంది. కానీ ఏప్రిల్లో ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ళ దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. ఆ రోజుల్లో మేస్త్రీని పనికి రమ్మంటే నవ్వుతాడు. జూన్ రెండో వారం దాటితే నైరుతి వానలు. అంటే మెయింటెనెన్సు విండో అంతా కలిపి అయిదారు వారాలు. పైగా ఆ వారాల్లోనే ఊట నీళ్ళు సన్నబడతాయి. పైన కొండమీంచి పైపులో వాటంతటవే దిగే నీళ్ళు మే నెలలో బకెట్టు నిండటానికి పావుగంట తీసుకుంటాయి. సిమెంటు పనికి వారం రోజులు క్యూరింగు కావాలి. ఏ గూగుల్ క్యాలెండరూ సర్దలేని షెడ్యూలు అది.

భీమిలిలో మా కొలీగు వాళ్ళ బీచి ఇల్లు ఒకటుంది. అక్కడి శత్రువు ఉప్పుగాలి. కిటికీ గ్రిల్లులు, తలుపు బందులు, ఏసీ బయటి యూనిట్లో ఉండే రేకులు, అన్నీ తుప్పే. స్లాబు లోపల చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. ఆ ఇంటికి ప్రతి ఏడూ రంగుల ఖర్చు తప్పదు. కొండ మీద ఉప్పు లేదు గానీ తేమ ఉంది. మూడు వేల అడుగుల ఎత్తులో మబ్బు నేరుగా గదిలోకే వచ్చేస్తుంది. ఫోటోకి అద్భుతంగా ఉంటుంది, పరుపుకి కాదు. జూలై, ఆగస్టు గడిచేసరికి గోడ మీద పచ్చటి నాచు, అటక మీది పరుపుల్లో ముక్క వాసన, స్విచ్చిబోర్డులో చీమల గూడు. అక్టోబరులో మొదట దిగిన కుటుంబం తలుపు తియ్యగానే ముక్కు మూసుకుంటే, ఆ సంగతి సాయంత్రానికల్లా రివ్యూలో ఉంటుంది.

సరే, కిందటేడు ఏం జరిగిందో చెప్తాను. వానాకాలంలో రెండు గదుల స్లాబూ కారింది. ఏదో మూల చెమ్మ కాదు, మంచం మధ్యలో ధార. సెప్టెంబరు ఆఖర్లో, దసరా సెలవుల కోసం ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళందరికీ చెల్లెలు ఫోన్లు చేసి డబ్బులు వెనక్కిచ్చింది. ఆ వారమే ఒక వైజాగు పార్టీ వచ్చింది. వాళ్ళ ప్రతిపాదన ఏమిటంటే, ఇల్లూ, దాని చుట్టూ ఉన్న పాతిక సెంట్లూ పదేళ్ళకి లీజుకి తీసుకుంటారు. ముందు కొంత, తర్వాత ఏడాదికి ఇంత. స్లాబు పగలగొట్టి మూడు అద్దాల కాటేజీలు కడతారు. లోయ వైపు కొండ తొలిచి వ్యూ పాయింటు. మా రూమ్మేటు వాళ్ళ నాన్నకి వాచ్‌మన్ ఉద్యోగం, అమ్మకి వంటపని, జీతాలు వేరే.

వినగానే మనకి కోపం వస్తుంది. తన ఇంటికి తనే వాచ్‌మన్ ఏమిటని. కానీ బాబాయ్‌కి (రూమ్మేటు నాన్నని నేను అలాగే పిలుస్తాను) రాలేదు. ఆయన లెక్క ఆయనకుంది. వానాకాలం నాలుగు నెలలూ ఇంట్లోకి రూపాయి రాదు. కూతురి బీఎడ్ ఫీజుంది. స్లాబు బాగుచెయ్యాలంటే లక్ష పైమాటే. జీతమైతే నెలనెలా వస్తుంది. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. మనమంతా ఇంటర్వ్యూలకెళ్ళి తెచ్చుకున్నది అలాంటి భరోసానే కదా.

ఇప్పుడు ఇందాక దాటేసిన సంగతి. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదు. 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ, జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ. మనవాళ్ళు చాలామంది ఇది అమ్మకాల గురించే అనుకుంటారు. చట్టం చెప్పే బదిలీలో తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ ఉన్నాయి. అంతే కాదు, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న స్థిరాస్తి ఏదైనా గిరిజనుడి దగ్గర్నించి వచ్చిందనే మొదట భావిస్తారు, కాదని రుజువు చేసుకోవలసింది అతనే. 1997 జూలై 11న సుప్రీం కోర్టు ఇచ్చిన సమత తీర్పు ఇక్కడి కథే. బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో గనుల లీజుల మీద మొదలైన కేసు అది. ఆ గ్రామాలు ఈ అనంతగిరి మండలంలోవే. ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలోని భూముల్ని గిరిజనేతరులకి గనుల లీజుకివ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ప్రభుత్వానికే లేని వీలు వైజాగు పార్టీకి ఎక్కణ్ణించి వస్తుంది?

"అందరూ చేస్తున్నారుగా, ఎవరో ఒక గిరిజనుడి పేరు మీద కాగితం రాయించుకుంటే సరి" అని మా టీములో ఒకాయన నాకే సలహా ఇచ్చాడు, నన్ను కూడా ఒక కాటేజీ కట్టుకోమని. బినామీ అంటే కొన్నవాడికే రిస్కు అని ఆయన ఉద్దేశం. ఇచ్చినవాడి వైపు నించి చూడండి. కాగితం చెల్లదు. మూడో ఏడు పార్టీ డబ్బులు ఎగ్గొడితే, బాబాయ్ ఏ కోర్టులో ఏం చూపిస్తాడు? చెల్లని లీజులో అద్దె బాకీ కూడా గట్టిగా అడగలేని బాకీయే. ఇల్లు పగలగొట్టేసి ఉంటారు, కొండ తొలిచేసి ఉంటారు. 2024 జూలై 30న వయనాడులో కొండచరియలు ఊళ్ళని ఎలా మింగాయో టీవీలో మనమంతా చూశాం. వాటం చూడకుండా కొండని తవ్వడం అంటే నాకు భయం.

ఇదంతా నేనూ మా వాడూ కలిసి ఒక రాత్రి బాబాయ్‌కి చెప్పాం. ఆయన చుట్ట ఆర్పకుండా అంతా విన్నాడు. విని, "సరే బాబూ, చట్టం మంచిదే. వాన ఆపుద్దా మరి?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని ఈ మే నెలలో స్లాబు మీదకెక్కాం.

నేనూ మా వాడూ కలిసి లక్షా నలభై వేలు పోగుచేశాం. నా వాటా మా వాడికి చేబదులుగా ఇచ్చాను, వడ్డీ లేదు. (ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం మీద కూడా 1960 నించి ప్రత్యేక నిబంధనలున్నాయి, ఆ గొడవ మనకెందుకు.) డబ్బు చేతిలో పడగానే అసలు యుద్ధం మొదలైంది. ఎక్కడ ఖర్చు పెట్టాలి? చెల్లెలు రెండేళ్ళ రివ్యూలన్నీ నోటుబుక్కులో రాసి పెట్టింది. జనం అడిగినవి: టీవీ, వైఫై, బాత్‌రూములో వేడినీళ్ళు, బాల్కనీలో ఉయ్యాల, గదిలో చలిమంట. స్లాబుకి వాటం కావాలని ఏ రివ్యూలోనూ లేదు. మన ప్రాజెక్టుల్లో అచ్చం ఇంతే కదా! క్లయింటు కొత్త బటను అడుగుతాడు గానీ డేటాబేసు బ్యాకప్ ఉందా అని అడగడు. డెమోలో కనపడనిదానికి బడ్జెట్టు ఇప్పించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నా వాదన ఒకటే. ఈ ఏడాది గెస్టుకి కనపడే పని ఒక్కటీ చెయ్యొద్దు.

ముందు స్లాబు. మేస్త్రీని ఎస్.కోట నించి తెచ్చాం. స్లాబు మీద పాత సిమెంటు పొరని గీకించి చూస్తే, నీళ్ళు గొట్టం వైపు కాకుండా నడిమధ్యకి జారుతున్నాయి. "స్లాబేసినప్పుడు మేస్త్రీ వాటం ఉందన్నాడు బాబూ. నీళ్ళకి ఆ మాట ఇనిపించనేదు" అన్నాడు బాబాయ్. ఆయన హాస్యం అలాగే ఉంటుంది. చాలామంది ఈ దశలో పైన కలర్ రేకులు వేయించేస్తారు, నాలుగు రోజుల్లో అయిపోతుంది. మేం వద్దనుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను ఇంటర్లో ఉన్నాను, ఇక్కడ లేను. కానీ ఆ గాలికి కాఫీ తోటల్లో సిల్వర్ ఓకులు ఎలా కూలాయో, రేకులు ఎగిరి ఏ గెడ్డలో తేలాయో ఊళ్ళో ప్రతివాడూ నిన్న జరిగినట్టే చెప్తాడు. అందుకని పగుళ్ళు తెరిచి పాలిమరు మిశ్రమం కూరి, గొట్టం వైపు వాటం పెట్టి కొత్త పొర వేసి, పిట్టగోడ స్లాబుని కలిసే మూలల్లో గుండ్రంగా తిప్పి, పైన రెండు కోట్లు వాటర్‌ప్రూఫు. మధ్యాహ్నం మూడయితే ఉరుములు, అందుకని కోటింగు పని తెల్లవారి ఆరింటికే. క్యూరింగు నీళ్ళ కోసం పిన్ని స్నానాలు కోటా పెట్టింది, ఇద్దరికి ఒక బకెట్టు. చివర్న గొట్టం మూసి, స్లాబు మీద రెండు రోజులు నీళ్ళు నిలగట్టి, కింద గదిలో సున్నం వేసిన కప్పుని టార్చి పెట్టి గంటకోసారి చూశాం. నా ఉద్యోగంలో ఏ రిలీజు రాత్రీ అంత భయపడలేదు.

రెండోది ఇంటి వెనక కాలవ. కొండవైపు నించి ఎర్రమట్టి జారి అది పూడిపోయింది. పూడితే నీళ్ళు గోడ పునాదిలోకే. తవ్వించి, ఒరిగిన రాతికట్టుని తిరిగి పేర్పించాం. మధ్యలో నీళ్ళు బయటికి రావడానికి గొట్టాలు పెట్టించాం. రాళ్ళ వెనక నీళ్ళు నిలిస్తే ఎంత లావు కట్టయినా తోసుకొచ్చేస్తుంది. చూరుకున్న రేకు గాడుల్లో మూడు బస్తాల సిల్వర్ ఓకు ఆకు. ఎండాకాలం ఆ చెట్టు రాల్చినంత ఆకు ఇంకే చెట్టూ రాల్చదేమో. గదుల మీదకి వంగిన రెండు కొమ్మలు కొట్టించాం.

మూడోది కరెంటు. ఇక్కడ మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. బాత్‌రూముల్లో గీజర్లున్నాయి, ఎర్తింగు పేరుకి మాత్రమే ఉంది. కొండల్లో పిడుగులెక్కువ. ఉప్పూ బొగ్గూ వేసి కొత్త ఎర్తు గుంట తీయించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెగిపోయే ఆర్.సి.సి.బి. పెట్టించాం. మొత్తం కలిపి ఒక మాదిరి టీవీ ఖరీదు కూడా కాలేదు. "గ్యాసు గీజరు చవక కదా" అని ఎలక్ట్రీషియను అన్నాడు. కిటికీ లేని బాత్‌రూములో గ్యాసు గీజరు పెడితే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. గదిలో చలిమంటకీ అదే జవాబు. డిసెంబరులో నిప్పుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకుందామనే వాళ్ళు ఏటా ఉంటారు. కుంపటి వాకిట్లోనే, గదిలోకి రాదు అని ఈసారి చెల్లెలు గోడ మీద రాసింది. ఒకటో రెండో స్టార్లు తగ్గితే తగ్గనీ అంది, నాకు ఆ అమ్మాయి మీద గౌరవం ఇంకా పెరిగింది.

మరుగుదొడ్డి గుంతల సంగతి భోజనం చేస్తున్నవాళ్ళుంటే తర్వాత చదువుకోండి :) ట్యాంకరు లారీ ఆ గూడెం దాకా రాదు. అందుకే రెండు గుంతలు. ఒకటి నిండితే మూసేసి రెండోదానికి తిప్పాలి, మూసింది రెండేళ్ళకి ఎరువవుతుంది. ఈ ఏడు తిప్పే వంతు. రెండూ ఊటకి దిగువనే ఉన్నాయి, అది వాళ్ళ తాతగారి తెలివి.

రంగుల దగ్గర కొత్త విషయం తెలిసింది. వానలకి ముందు మలేరియా స్ప్రేయింగు వాళ్ళొచ్చి గోడల లోపల మందు కొడతారు. మందు కొట్టాక రంగు వేస్తే మందు రంగు కిందకి పోతుంది, ఇక దోమకేం తగులుతుంది? కాబట్టి రంగు ముందు, మందు తర్వాత. లోపల ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వద్దని సున్నమే వేశాం. సున్నం గోడ తేమ పీల్చి మళ్ళీ వదులుతుంది. ప్లాస్టిక్ పెయింటు బుడగలు తేలుతుంది. పరుపులు నాలుగు రోజులు ఎండలో వేసి, అటకెక్కించకుండా చెక్క పలకల మీద గోడకి దూరంగా పెట్టాం.

ఖర్చంతా పోగా పదకొండు వేలు మిగిలింది. ఉయ్యాల కొందామని చెల్లెలు, ఇన్వర్టరు బ్యాటరీ మారుద్దామని మా వాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఇల్లు వాళ్ళది, నేను నోరు మెదపలేదు. ఉయ్యాలే వచ్చింది. ఏమాటకామాట, బాగుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు, ఇందులో నీకేంటి అని. మా టీములో లెక్కలు తెలిసినవాళ్ళు వాటా ఎంత, రాబడి ఎంత అని అడిగారు. వాటా లేదు. చేబదులు అక్టోబరు నించి విడతలుగా వస్తుంది. ఇలాంటి ఇళ్ళకి డబ్బు రావలసింది స్నేహితుల జేబుల్లోంచి కాదని కూడా తెలుసు. 2024 అక్టోబరు 2న మొదలైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో వెయ్యి గిరిజన హోమ్‌స్టేలు లక్ష్యంగా పెట్టారు. కొత్త గదులు కట్టుకోవడానికి 5 లక్షల దాకా, ఉన్నవి బాగుచేసుకోవడానికి కుటుంబానికి 3 లక్షల దాకా సాయం అందులో ఉంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపుకి ఒకటి నించి ఆరు గదులుండాలి, యజమాని కుటుంబం అక్కడే నివసించాలి. అద్దాల కాటేజీల వాళ్ళకి కుదరని షరతు ఇది, వీళ్ళకి పుట్టుకతోనే ఉంది. చెల్లెలు కాగితాలు సిద్ధం చేస్తోంది. కుల ధ్రువీకరణ, పట్టా నకలు, గదుల ఫోటోలు. నా పని ఫోటోలు కంప్రెస్ చేసి పెట్టడం వరకే. డిగ్రీ ఆ మాత్రం పనికొచ్చింది.

వైజాగు పార్టీ జూన్ మొదట్లో మళ్ళీ ఫోన్ చేసిందట. బాబాయ్ కాదనలేదు, ఔననలేదు. "వాన చూసి చెప్తాను" అన్నాడట.

వాన జూన్ మూడో వారంలో పట్టుకుంది. మూడు రోజులు ఆగలేదు. నేను హైదరాబాదులో మీటింగులో ఉండగా చెల్లెలు వీడియో పంపింది. గది కప్పు తెల్లగా, పొడిగా ఉంది. వెనక కాలవలో నీళ్ళు ఎర్రగా పరిగెడుతున్నాయి. కెమెరా మెల్లగా కిటికీ వైపు తిరిగింది. సన్‌షేడు గోడని కలిసే చోట సన్నటి తడి, దాని కింద స్టీలు గిన్నె. గిన్నె పక్కన బాబాయ్ ముక్కాలిపీట వేసుక్కూచుని చుట్ట కాలుస్తున్నాడు. వెనకనించి పిన్ని గొంతు, వచ్చే ఎండాకాలం ఆ మూల కూడా చూడమని నాకు చెప్పమంటోంది.